సొట్ట తీయించలేదేం?

పాత కార్ల ర్యాలీకి వెళ్లినప్పుడల్లా నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఏ సంవత్సరం మోడలు?’ అని కాదు. ‘లీటరుకి ఎంతిస్తుంది?’ అనీ కాదు. అవన్నీ తర్వాత. ముందు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తారు. వెనక ఎడమ మడ్‌గార్డు దగ్గర ఆగుతారు. వంగి చూస్తారు. అప్పుడు అడుగుతారు: ‘‘ఇంత ముచ్చటగా చేయించారు, ఆ ఒక్క సొట్టా తీయించలేదేం?’’

మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు పెద్దమనిషైతే ఇంకో అడుగు ముందుకేశారు. ‘‘మా బావమరిదికి తెలిసిన టింకరింగు కుర్రాడున్నాడండీ. అరగంటలో లేపేస్తాడు. డబ్బులు కూడా మీరివ్వక్కర్లేదు’’ అన్నారు. ఆయన బాధ నాకర్థమైంది. రోజూ స్కూటరు పక్కన పెట్టుకునేటప్పుడు ఆ సొట్ట ఆయన కంట్లో నలుసులా పడుతోంది.

‘‘వచ్చినవాళ్లకల్లా మొదట్నుంచీ కథ చెప్పే బదులు ఒకసారి పేపర్లో రాసేయకూడదూ? ఎవరైనా అడిగితే కాగితం చేతిలో పెట్టి మీ పని మీరు చూసుకోవచ్చు’’ అంది మా ఆవిడ. సలహా బాగానే ఉంది. అందుకని ఈ ఆదివారం ఆ కారు సంగతే.

నాది 1967 నాటి ఫియట్ 1100. బూడిద రంగు. నాలుగు సిలిండర్ల, 1089 సీసీల ఇంజను. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు బెంచీలా ఒకటే. ముగ్గురు సుఖంగా, నలుగురు సర్దుకుని కూర్చోవచ్చు. బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారు చేసేవారు. ఆ బండే 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. బొంబాయి సినిమాల్లో కనిపించే నలుపూ పసుపూ టాక్సీ ఉందే, అదే. ఆ టాక్సీల్లో చివరిదానికి కూడా 2023 అక్టోబరులో కాలం తీరింది. రోడ్డు మీద అవి లేకుండా పోయాక నా కారు వంక చూసే కళ్లు ఎక్కువయ్యాయి. ఏదైనా అంతే కదా. ఉన్నన్నాళ్లూ డొక్కు, పోయాక అపురూపం!

అన్నట్టు, ఒక్క మాట. అందరూ దీన్ని ‘వింటేజ్ కారు’ అంటారు గానీ, ఖచ్చితంగా మాట్లాడే వాళ్లు ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనవే వింటేజ్. అంతకుముందువి వెటరన్, ఎడ్వర్డియన్ అని వేరే. మా ఫియట్ లాంటివి క్లాసిక్‌లు. మన ప్రభుత్వం మాత్రం ఈ తగవంతా పెట్టుకోకుండా 2021లో ఒక నిబంధన తెచ్చింది. మొదటిసారి రిజిస్టరై యాభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయకుండా ఉన్న సొంత బండి ఏదైనా వింటేజే. స్కూటరైనా సరే. మీ తాతగారి లాంబ్రెటా పశువుల పాకలో పడుంటే ఒకసారి దుమ్ము దులిపి చూడండి.

పాత బండ్ల పిచ్చి మనకొక్కళ్లకే ఉందనుకోకండి. ఇంగ్లండులో 1896 నవంబరులో మోటారు బండ్ల వేగం మీద ఉన్న పాత ఆంక్షలు సడలించారని సంతోషంతో లండన్ నుంచి బ్రైటన్ దాకా బండ్లు తోలారు. దాని జ్ఞాపకంగా 1927 నుంచి ఇప్పటికీ నవంబరులో అదే దారిలో వెళుతున్నారు. 1905కి ముందు తయారైన బండ్లకే అందులో చోటు. దారి పొడుగునా జనం నిలబడి చూస్తారు. ఎత్తు వచ్చిన చోట కొన్ని బండ్లని దిగి తోయాల్సి వస్తుంది. తోసేవాడి మొహంలో ఉన్న ఆనందం కూర్చున్నవాడి మొహంలో ఉండదు! మన దగ్గర ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లోనే పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టింది. హైదరాబాదు వెళ్లినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూడండి. 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం చేయించారు. బండి వచ్చేలోపే, 1911లో ఆయన కన్నుమూశారు.

అవి నిజాముల కార్లు. మనలాంటి వాళ్లకి ఫియట్లు, అంబాసిడర్లు, స్టాండర్డ్ హెరాల్డులు. మా నాన్నగారిది ఫియట్.

నాన్నగారు పామర్రులో డాక్టరు. కారు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురు చూడాల్సిన రోజులవి. 1967లో బండి ఇంటికొచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. గుమ్మడికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఊళ్లో సగం మంది చూస్తుండగా నాన్నగారు మొదటి గేరు వేశారు. నిమ్మకాయలు చిదిమిన వాసన నాకిప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఇరవై మూడేళ్లు ఆ కారు కాలవ గట్ల మీద, కంకర రోడ్ల మీద, వానాకాలం రోడ్డూ చేనూ తేడా తెలియని బురదలో తిరిగింది. నాన్నగారికి డ్రైవరు లేడు. పక్కన కాంపౌండరు, వెనక సీట్లో మందుల పెట్టె. పురిటి నొప్పులతో ఆసుపత్రికి వస్తూ దార్లోనే, ఆ వెనక సీట్లోనే కన్నవాళ్లు ఇద్దరున్నారు. అందులో ఒకబ్బాయి మొన్నమొన్నటిదాకా కనిపించినప్పుడల్లా ‘‘నేను పుట్టిన ఊరు ఏపీ కాదండీ, ఫియట్టు’’ అని నవ్వేవాడు.

ఇక సొట్ట. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. కృష్ణా జిల్లాలో ఆ తేదీ ఎవరికీ చెప్పక్కర్లేదు. వేల మంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. దారి కొద్దిగా తెరిపి ఇవ్వగానే నాన్నగారు, కాంపౌండరు సెలైన్ సీసాలు, మందులు కారునిండా వేసుకుని చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు బయల్దేరారు. మూడో రోజు తిరిగొచ్చారు. కారు నిండా బురద. వెనక ఎడమ మడ్‌గార్డు మీద ఇంత సొట్ట. దారికడ్డంగా తాడిచెట్లు పడుంటే చీకట్లో వెనక్కి తిప్పబోయి తూము గోడకి కొట్టుకుందిట. కాంపౌండరు చెప్పాడు. నాన్నగారు ఆ మూడు రోజుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కొన్నాళ్లకి అమ్మ ‘‘ఆ సొట్ట తీయించకూడదా’’ అంటే ‘‘ఉండనీ’’ అన్నారు. అంతే. ఉండిపోయింది.

1990లో నాన్నగారు పోయారు. కారు షెడ్డులో పడింది. నేనేమో ఉద్యోగం పేరుతో ఊళ్లు తిరుగుతున్నాను. ఎనిమిదేళ్లపాటు దానిమీద కోళ్లు పొదిగాయి. సీట్లలో ఎలకలు కాపురం పెట్టాయి. 1998లో విజయవాడకి బదిలీ అయి వచ్చాక, ‘నాన్నగారి కారు మళ్లీ నడిపించాలి’ అనే పట్టుదల పట్టుకుంది. లారీ మీద ఎక్కించి ఆటోనగర్‌కి తెచ్చాను.

అక్కడే నాకు భాయ్ దొరికాడు. పేరు ఎందుకు లెండి, ఆయనకి ఇష్టముండదు. ఫియట్లంటే భాయ్, భాయ్ అంటే ఫియట్లు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజను మీద, రెండో కొస చెవి మీద పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ‘‘మూడో సిలిండరు వాల్వు సరిగ్గా కూర్చోవట్లేదు బాబుగారూ’’ అనేవాడు. హెడ్డు విప్పితే అదే! నాన్నగారి స్టెతస్కోపు గుర్తొచ్చేది. ‘‘మీదీ మా నాన్నగారిదీ ఒకే చదువు భాయ్’’ అంటే పళ్లన్నీ కనిపించేలా నవ్వేవాడు.

ఇంజను పని ఆయన చూశాడు. సిలిండర్లు బోరింగు చేయించి కొత్త పిస్టన్లు వేశాడు. కార్బరేటర్ విప్పి జెట్లు ఊదాడు. డైనమో చుట్టించాడు. బ్రేకులు, క్లచ్చి ప్లేటు మార్చాడు. అదంతా సవ్యంగా జరిగింది. బాడీ పని మాత్రం నేను ఇంకోచోట ఇచ్చాను. ఇచ్చి, నెత్తిమీద నుంచుని చేయించాను. అంచేత తప్పు వాళ్లది కాదు, పూర్తిగా నాది.

ఏం చేయించానో వినండి. ‘ముసలి రంగు’ అని బూడిద రంగు తీసేయించి మెరిసే మెరూన్ వేయించాను. రెక్సిన్ సీట్లు చింపించి వెల్వెట్ తొడిగించాను. నాన్నగారి చేతులకి అరిగిపోయిన పెద్ద స్టీరింగు పీకించి, రేసు కార్లలో ఉండేలాంటి చిన్నది పెట్టించాను. హారన్ నొక్కితే పాట వచ్చేది. సొట్ట? అది మొదటి రోజే పోయింది. ‘‘అద్దంలా ఉండాలి’’ అన్నాను. అద్దంలాగే చేశారు. అరవై వేలు దాటింది. 1998లో అరవై వేలంటే మా ఆవిడ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆదివారం పూట ఆ కారేసుకుని పామర్రు వెళ్లాను. ఇంటి ముందు ఆపి పాట హారన్ కొట్టాను. అమ్మ చెంగుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. చుట్టూ తిరిగింది. వెనక ఎడమ మడ్‌గార్డు దగ్గర ఆగి, అరచెయ్యి పెట్టి నిమిరింది. పైకీ కిందకీ వెతుక్కున్నట్టు నిమిరింది. తర్వాత నావైపు చూసి అంది:

‘‘చాలా బాగుందిరా. ఎవరిదీ?’’

అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు. అది ఎగతాళి కాదని నాకర్థం కావడానికి ఆ రాత్రి పట్టింది.

పాత వస్తువుని బాగుచేయడం అంటే కొత్తది చేయడం అనుకుంటాం. ఈ పనిలో మునిగినవాళ్లందరూ మొదట చేసే తప్పు ఇదేనని తర్వాత తెలిసింది. పాత కార్ల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది, ‘ఫివా’ అంటారు. 1966లో పుట్టింది. అది 2012లో ‘ట్యూరిన్ చార్టర్’ అని ఒక పత్రం ఆమోదించింది. గుళ్లూ కోటలూ లాంటి పురాతన కట్టడాలకి 1964 నాటి వెనిస్ చార్టర్ ఎలాగో, పాత బండ్లకి ఇది అలాగ. దాని సారం నా భాషలో చెప్పాలంటే ఇంతే: ఉన్నదాన్ని కాపాడు. కాపాడలేనిదాన్నే బాగుచెయ్యి. తప్పనిసరైతేనే మార్చు. మార్చింది ఏమిటో రాసిపెట్టు. బండి మీద కాలం వేసిన గుర్తులు కూడా దాని చరిత్రే. అన్నట్టు, ఫియట్ అనే పేరులో చివరి ‘ట’ ట్యూరిన్‌దే. ఆ కంపెనీ 1899లో పుట్టింది ఆ ఊళ్లోనే. మా కారుకి పుట్టిల్లు లాంటి ఊరిపేరు మీద వెలువడిన పత్రాన్ని నేను పధ్నాలుగేళ్లు ముందే ఉల్లంఘించానన్నమాట!

అమ్మ మాట తర్వాత కొన్నేళ్లు ఆ కారు మీద చెయ్యి వేయబుద్ధి కాలేదు. అప్పుడప్పుడు తిప్పేవాణ్ణి, అంతే. 2008లో ఒక స్నేహితుడు పాత అంబాసిడర్ కొంటానంటే భాయ్‌ని తోడు తీసుకెళ్లాను. భాయ్ జేబులోంచి పాత స్పీకరులో ఉండే అయస్కాంతం ముక్క తీశాడు. దానికి పల్చటి గుడ్డ చుట్టి డోర్ల కింద, మడ్‌గార్డుల మీద పెడుతూ వెళ్లాడు. అతుక్కుంటే కింద రేకు ఉన్నట్టు. జారిపోతే రేకు కాదు, పుట్టీ ఉన్నట్టు. తుప్పో సొట్టో కప్పెట్టి పైన రంగేశారన్నమాట. ఆ అంబాసిడర్‌కి సగం చోట్ల అయస్కాంతం జారింది. బేరం మానేశాం.

ఇంటికొచ్చాక ఏమీ తోచక అదే ముక్కతో మా ఫియట్‌ని తడిమాను. అన్నిచోట్లా టక్కున అతుక్కుంది. వెనక ఎడమ మడ్‌గార్డు దగ్గరికి వచ్చేసరికి జారి నేల మీద పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది.

రాత్రి తొమ్మిదింటికి భాయ్‌కి ఫోన్ చేశాను. ‘‘సొట్టని పూర్తిగా లేపలేదు భాయ్, పుట్టీతో పూడ్చారు. లోపల ఉంది!’’ అన్నాను. అవతల ఆయన ఒక్క క్షణం ఆగి, ‘‘మోసం చేసినందుకు ఇంత సంతోషపడినవాణ్ణి నేను చూడలేదు బాబుగారూ’’ అన్నాడు.

మూడు సాయంత్రాలు పట్టింది. మిషన్ వాడనివ్వలేదు భాయ్. నీళ్లూ ఎమరీ కాగితంతో చేత్తోనే పుట్టీ అరగదీశాడు. మొదట మెరూన్, దానికింద ప్రైమరు, దానికింద పుట్టీ, ఆ కింద రేకు. సొట్ట సగం లేపేశారు, సగం మిగిలింది. తూము గోడ గీత మాత్రం స్పష్టంగా ఉంది. తుప్పు పట్టకుండా మందు పూసి అలాగే ఉంచాం.

అక్కణ్నుంచి ఏడాదిపాటు నేను చేసింది చెడిపోయింది బాగుచేయడం కాదు, బాగుచేసింది వెనక్కి తీయడం. అసలు రంగు ఏమిటో ఎవరికీ ఖచ్చితంగా గుర్తులేదు. ఎండా వానా తగలని చోట పాత రంగు దాక్కుని ఉంటుంది. డాష్‌బోర్డు లోపల, డోరు మడత బందుల సందుల్లో వెతికితే గోరంత దొరికింది. దాన్ని చూసి కలిపించాం. సీట్లకి మళ్లీ రెక్సిన్ వేయించాను. గేరు కర్ర చివరి గుండీ భాయ్ డబ్బాలోనే దొరికింది. మెకానిక్కులు ఏదీ పారేయరు. నాన్నగారి స్టీరింగు మాత్రం పోయింది. ఎప్పుడో ఎవరి బండికో వేసేశారు. చివరికి పాత సామాన్ల కొట్లో అదే మోడలుది ఒకటి దొరికింది. అదీ అరిగిందే. ఎవరి చేతుల్లో అరిగిందో తెలియదు. పోన్లే, అదీ ఎవరో ఒకరి నాన్నగారిదే కదా అనుకుని బిగించాను.

2009లో మళ్లీ పామర్రు వెళ్లాను. ఈసారి హారన్ కొట్టలేదు. అమ్మ వచ్చింది. తిన్నగా మడ్‌గార్డు దగ్గరికే వెళ్లింది. చెయ్యి పెట్టింది.

‘‘ఇదే. కానీ ఇంత చిన్నది కాదురా. అప్పుడు ఇంకా పెద్దగా ఉండేది’’ అంది.

తర్వాత ముందు సీట్లో కూర్చుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు, ముప్ఫై రెండేళ్లలో మొదటిసారి, ఆ మూడో రోజు సంగతి చెప్పింది.

‘‘ఆ రోజు మీ నాన్నగారు వాకిట్లో బండి ఆపి చాలాసేపు దిగలేదురా. ఏమయిందోనని నేనే వెళ్లి తలుపు తీశాను. స్టీరింగు రెండు చేతుల్తో పట్టుకుని అలాగే కూర్చున్నారు. వెనక చూస్తే తీసుకెళ్లిన సీసాలు చాలామటుకు అలాగే ఉన్నాయి. ‘అదేమిటండీ, ఎక్కించలేదా?’ అన్నాను. ‘ఎక్కించడానికి మనుషులు ఉండాలి కదే’ అన్నారు. ఇంకేం అనలేదు. నేనూ ఎవరితోనూ అనలేదు.’’

ఆ స్టీరింగునే నేను పాత సామాను కింద పారేయించాను.

1998లో స్పానరు పట్టుకునే ముందు అమ్మని ఒక్కసారి ఆ కార్లో కూర్చోబెట్టి ‘‘దీంట్లో ఏం జరిగిందో చెప్పమ్మా’’ అని అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడగలేదు. అందుకే ఇవాళ, పాత బండి బాగుచేసుకుందామనుకునే వాళ్లు ఎవరు నన్ను సలహా అడిగినా మొదట ఇదే చెబుతాను. మెకానిక్కుని పిలిచే ముందు ఇంట్లో పెద్దవాళ్లని పిలవండి. బండిలో కూర్చోబెట్టండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. ప్రతి గీతనీ, ప్రతి అరుగునీ ఫోటో తీయండి. ఏ మరకకి ఏ కథ ఉందో తెలిశాక అప్పుడు విప్పండి.

మిగిలినవి మామూలు జాగ్రత్తలే. భాయ్ దగ్గర నేర్చుకున్నవి నాలుగు చెబుతాను, పనికొస్తాయి.

ఒకటి, ముందు అడుగు భాగం చూడండి. అంబాసిడర్‌లోనూ ఫియట్‌లోనూ బాడీయే బండికి ఎముకల గూడు. విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు రేకు, డోర్ల కింది బద్దెలు తుప్పు పడితే పైన ఎంత మెరిసినా దండగే. హెరాల్డుకైతే కింద వేరే ఛాసిస్ ఉంటుంది. మన కోస్తా గాలికి తుప్పు మరీ తొందర. అయస్కాంతం జేబులో ఉంచుకోండి.

రెండు, పెట్రోలు. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలపని పెట్రోలే. ఇక 2025 నాటికి ఇథనాల్ ఇరవై శాతం దాకా వచ్చింది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలని ఉబ్బిస్తుంది, టాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కదిలించి జెట్లకి అడ్డం పడేస్తుంది. గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కి తట్టుకునే రకానివి మార్చుకోండి. వీటిని మారిస్తే చరిత్రేమీ చెడదు. ఇక్కడ మొండికేస్తే మంటలు రేగుతాయి. నెలల తరబడి కదపని బండిలో పెట్రోలు నిల్వ ఉంచకండి.

మూడు, వారానికోసారి నడపండి. నిలబెట్టిన బండే పాడవుతుంది. స్టార్టు చేసి ఆపేయడం కాదు, ఇంజను బాగా వేడెక్కేదాకా ఐదారు మైళ్లు తిప్పాలి. ఎండాకాలం దార్లో ఆగిపోతే కంగారుపడకండి. పంపులో పెట్రోలు ఆవిరై గాలి పట్టేసి ఉంటుంది. తడిగుడ్డ చుట్టి పావుగంట ఆగితే మళ్లీ లేస్తుంది. అందుకే డిక్కీలో ఎప్పుడూ ఒక పాత తువ్వాలూ ఒక నీళ్ల డబ్బా ఉండాలి.

నాలుగు, కాగితాలు. 2021 నిబంధన ప్రకారం వింటేజ్‌గా కొత్తగా రిజిస్టరు చేయించుకుంటే ఇరవై వేలు రుసుము, పదేళ్లు చెల్లుబాటు. ముందే రిజిస్టరైన బండైతే పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. ఇది మంచి మాట. మూడక్షరాల ఆ పాత నంబరు కూడా బండి ముఖంలో భాగమే. కాకపోతే వింటేజ్ బండిని రోజువారీ పనులకి రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, మరమ్మతుకి, పెట్రోలు పోయించడానికి, అంతే. నేనందుకే మామూలు బండిగానే ఉంచి, ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటున్నాను. ఖర్చు ఎక్కువే. కానీ అమ్మని గుడికి ఆ కార్లో తీసుకెళ్లడానికి అడ్డం లేకుండా ఉండాలి కదా.

అమ్మకి ఇప్పుడు ఎనభై ఆరు దాటాయి. మా దగ్గరే ఉంటోంది. నిన్నటి సంగతి మర్చిపోతుంది గానీ, ఆదివారం ఉదయం కారు మీద గుడ్డ తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, ‘‘చెప్పులేవిరా?’’ అంటుంది. ఎక్కే ముందు ఎడమవైపు నుంచే తిరిగి వస్తుంది. చెయ్యి పెట్టి చూసుకుని అప్పుడు ఎక్కుతుంది.

భాయ్‌కి డెబ్భై దాటాయి. చేతులు వణుకుతున్నాయి. షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, అవన్నీ కంప్యూటరు పెట్టి చూసే కొత్త బండ్లు. ఫియట్ వచ్చిందంటే మాత్రం భాయ్ కుర్చీ బయట వేయించుకుని చెవితోనే చూస్తాడు. స్క్రూడ్రైవరు పట్టుకునేది ఇప్పుడు మా అబ్బాయి. పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు ఆయన దగ్గర కూర్చున్నాడు. ‘‘ఏం వినపడింది?’’ అంటే ‘‘చప్పుడు’’ అన్నాడు. ‘‘ఏ చప్పుడు?’’ అన్నాడు భాయ్. రెండో రోజు సాయంత్రానికి ‘‘ఒకటి కొంచెం ఆలస్యంగా కొడుతోంది’’ అన్నాడు వాడు. భాయ్ ఏమీ అనలేదు. టీ తెప్పించాడు.

వెళ్లేముందు మావాడు మెల్లిగా కదిపాడు. ‘‘నాన్నా, ముందుముందు ఈ ఇంజనుకి సామాన్లు దొరకవేమో. ఇప్పుడు పాత కార్లకి బ్యాటరీ మోటరు పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే నీకు కోపమా?’’

కోపం కాదు, గుండె కలుక్కుమంది. ఆ చప్పుడు లేకపోతే అది మా కారే కాదు. కానీ ఒకప్పుడు మెరూన్ రంగు వేయించినవాణ్ణి, వాడికి నీతులు చెప్పే మొహం నాకెక్కడుంది?

‘‘నేనున్నన్నాళ్లూ ఇంజనే. తర్వాత నీ ఇష్టంరా. మోటరు పెట్టుకుంటావో ఏం చేస్తావో. పీకిన ఇంజను మాత్రం పారేయకుండా గుడ్డ చుట్టి దాచు. సొట్ట జోలికి మాత్రం వెళ్లకు’’ అన్నాను.

వాడు వెళ్లి మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టాడు. వాడి నాయనమ్మ పెట్టే చోటే.

అదండీ సంగతి. మూడో అంతస్తు పెద్దమనిషికి ఈ పేజీ కత్తిరించి ఇస్తాను.